సన్నాయి నేర్చు బాలికకు ఏ పాఠములు?

మా ముదిగొండలో నొక పదుమూడేండ్ల బాలిక సన్నాయి నేర్చుకొందునని పట్టుబట్టినది. "ఆడుపిల్ల సన్నాయి యూదుటయా?" యని యింటి పెద్దలు నొచ్చుకొని, పిల్ల మనసు మరలింపుడని మాయొద్దకు బంపిరి. మేము మరలింపలేదు. ఏమి నేర్పవలెనో వ్రాసి యిచ్చితిమి.

కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానా సాహేబుగారి శిష్యురాలు కాలీషాబీగారు, భర్త మహబూబ్ సుభానీగారితో జతగా నాదస్వరము వాయించి 2020 సంవత్సరపు పద్మశ్రీ నందిరి గదా! ఊపిరికి ఆడు, మగ యను భేద మెక్కడిది?

భరతముని యిట్టి వాద్యములను సుషిరము లనెను. వీణకు మెట్లు గలవు. సన్నాయికి వ్రేళ్లతో మూయు రంధ్రము లేడే. తక్కిన స్వరభేదములన్నియు ఊపిరి బిగువువలనను, రంధ్రమును సగము మూయుటవలనను పుట్టవలెను. స్వరము చెవిలో లేనిదే గొట్టములో పలుకదు. కావున తొలి యారుమాసములు నోటిపాటయే మేలని మా నిశ్చయము. గుణింతము రానివానికి పద్యమేల యని బడిపంతులైన మావా రనుచుందురు. మాయామాళవగౌళలో సరళివరుసలు, జంటవరుసలు, సప్తతాళాలంకారములు మూడు కాలములందును పాడించి, పిమ్మట పీక చేతి కీయవలెను. అప్పుడును దినమునకు పావుగంట ఒక్క షడ్జమునే కదలక నిలుపుట. ఇది పిల్లకే గాక యిరుగుపొరుగులకును విసుగే. తల్లులు కొంచె మోర్వవలెను.

అటుపై మలహరి గీతములు, బిలహరి స్వరజతి, మోహన వర్ణము. కృతులకు వచ్చునప్పుడు, మాకు పొరుగైన నేలకొండపల్లిలో పుట్టిన కంచెర్ల గోపన్నగారి కీర్తనలతో మొదలిడుడని వ్రాసితిమి. అవి భద్రాచలరామునివని భక్తిచే మాత్రము గాదు. నడక తేలిక, పైగా మాప్రాంతమున ప్రతి యింటి అవ్వకును నోటికి వచ్చును. పిల్ల యొక గమకము జారవిడిచిన, గురువుకంటె ముందు వంటయింటినుండి అవ్వయే దిద్దును. త్యాగరాజస్వామి దివ్యనామకీర్తనలు తరువాత, పంచరత్నములు చాల తరువాత.

గ్రంథము లడిగిరి. సుబ్బరామ దీక్షితులవారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో ఎట్టయపురమున అచ్చయినది. తమిళదేశమున వెలువడినను తెలుగు లిపిలోనే యున్నది. గమకములకు ప్రత్యేక చిహ్నములు గలవు. బాలిక దానిని ఇప్పుడు తెరవనక్కరలేదు. వర్ణములు వచ్చినపిమ్మట గురువుప్రక్కన కూర్చుండి చదువవచ్చును. గమకమును కన్ను గుర్తుపట్టును గాని, నేర్చునది చెవియే.

సినిమాపాటల మాట యేమని పిల్లతండ్రి యడిగెను. పెండ్లివారు కోరుదురు, సంభావనయు దొరకును, తోసిపుచ్చ వీలులేదు. వర్ణము రెండు కాలములందు తడబడక నిలిచిననాడు వాయించుకొననిండు, అంతకుముందు వలదు.