ట్రంకుపెట్టెలోని బొంతలు



మీ ఇంటి అటకమీదనో, మంచము క్రిందనో ఒక పెట్టె యుండును. అందులో మొదలుపెట్టి విడిచిన పని యేదో ఒకటి యుండక మానదు. సగము అల్లిన బుట్ట, పిడి వేయని కొడవలి, నాలుగు పుటలు వ్రాసి ఆపిన కుటుంబ చరిత్ర. ప్రార్థనకొరకు నేను ఏ ఇంటికి వెళ్ళినను అట్టిది ఒకటి కంటబడుచునే యుండును. మా ఇంట అది బొంతల పెట్టె. ఈ నెల దానిని గూర్చియే మీతో మాటలాడ గోరుచున్నాను.

బొంత యనగా ఏమో పల్లెవారైన మీకు చెప్పనక్కర లేదు. అయినను పట్టణములలో పెరుగుచున్న మీ మనుమలు దానిని ఎరుగరు గనుక రెండు మాటలు వ్రాయుచున్నాను. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీరెలను నేలమీద పరచి, నాలుగైదు పొరలుగా ఒకదానిపై ఒకటి వేసి, కదలకుండ అంచులమీద రాళ్ళో బిందెలో పెట్టుదురు. ముందు పొడుగు కుట్లతో పొరలను పట్టి యుంచి, తరువాత అంచునుండి లోపలికి వరుస వెంబడి వరుసగా చిన్న కుట్లు వేయుదురు. ఒక పెద్ద బొంతకు కుట్లు వేల సంఖ్యలో పడును. కుట్టు దగ్గరైన కొలది బొంత బ్రదుకును. దూరమైనయెడల రెండు ఉతుకులకే పొరలు ముద్దకట్టును.

మా ఎనుమాముల ఒకప్పుడు గ్రామము. ఇప్పుడు వరంగల్ నగరములో కలిసిపోయినది. పేరు వినగానే అందరికి వ్యవసాయ మార్కెట్టే జ్ఞాపకము వచ్చును. అక్టోబరు మొదలుకొని పత్తి బండ్లు బారులు తీరును. సంక్రాంతి దాటినదంటే మిరప బస్తాలు దిగి, ఆ ఘాటుకు ఆరాధనలో సహితము తుమ్ములు వినబడును. ఇచ్చట దబ్బనము, పురికొస తెలియని ఇల్లు లేదు. గోనెసంచి మూతి నిమిషములో కుట్టివేయు హమాలీలున్న ఊరిలో, నా భార్య మాత్రము సన్న సూది పట్టుకొని ఒక్కొక్క బొంతకు సంవత్సరములు తీసికొనుచుండెను. అది ఆమె జీవనోపాధి కాదు, సరదా. చేతికి మంచి గుడ్డ దొరికినప్పుడెల్ల కొత్త బొంత మొదలుపెట్టును. పాతది పెట్టెలోనికి పోవును. ఆ విధముగా ఐదు చేరినవి.

2023లో ఆమె రెండు కన్నులకు శుక్లముల శస్త్రచికిత్స జరిగెను. కట్టు విప్పిన వారములోనే పెట్టె తెరిపించి, ఐదింటిని మంచముమీద పరపించి, చాలసేపు చూచి, నాతో ఇట్లనెను: "ఇవన్నీ సగంల పెట్టి నేను పోతే, మీరు వీటిని ఏం జేస్తరు? ఎవరికిస్తరు?" నాయొద్ద జవాబు లేకపోయెను. ఆ దినమునుండి ఆమె ఒక నియమము పెట్టుకొనెను. ఐదు తేలువరకు కొత్త గుడ్డ కత్తిరించకూడదు. సాయంకాల ప్రార్థన అయిన తరువాత గంటసేపు కుట్టవలెను.

మన వరంగల్ కొత్తవాడలో నేయు జంపఖానాలను మీరు చూచియుందురు. వాటికి 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ మగ్గముల యొద్ద కూర్చుండి చూచినప్పుడు నాకొక సంగతి తోచినది. నేతగానికి పడుగు తెగువరకే పని. అది ముగియనిది ఇంకొక పడుగు ఎక్కదు, కూలి చేతికి రాదు. మగ్గమే అతనిని ముగింపునకు నడిపించును. బొంతకు మగ్గము లేదు, బేరగాడు లేడు, గడువు లేదు. ఆదివారపు పాఠమునకు గడువున్నది గనుక నేను సిద్ధపడుదును. వ్యాధిగ్రస్తుని చూడబోవుదునని చెప్పిన మాటకు గడువెక్కడిది? మన ఇండ్లలో నిలిచిపోవునవి యెల్ల ఈ రెండవ జాతి పనులే.

మొదట ఆమె చేతబట్టినది 1999లో మా కుమార్తె పుట్టబోవు దినములలో మొదలుపెట్టిన పొత్తిళ్ళ బొంత. బిడ్డ ముందుగా పుట్టెను, బొంత వెనుకబడెను. ఇప్పుడు ఆ కుమార్తెకే నాలుగేండ్ల కొడుకున్నాడు. పిల్లవానికి చాలునట్లు చుట్టు జానెడు అంచు కలిపి నెలన్నరలో ముగించెను. కలిపిన గుడ్డ కొత్తది గనుక దానిని మూడుసార్లు ఉతికి ఆరవేసిన తరువాతనే కుట్టెను. కొత్త నూలు మొదటి ఉతుకులో కుదించుకొనును, పాతదానిని చింపును. ప్రభువు ఈ ఉపమానము చెప్పినప్పుడు వినుచున్నవారిలో స్త్రీలే ముందుగా తల ఊపియుందురని నా అభిప్రాయము.

రెండవది దర్జీ దుకాణపు రంగు ముక్కలతో మొదలుపెట్టినది. డెబ్బదికి పైగా చదరపు ముక్కలు కుట్టి, కలుపుటకు ఓపిక చాలక నిలిచిపోయినది. దానిని బొంత చేయవలెనన్న ఆశ విడిచిపెట్టి, నాలుగేసి ముక్కలు కలిపి సండేస్కూలు పిల్లలకు కూర్చుండు గుడ్డలు చేసెను. పద్దెనిమిది వచ్చినవి. గోపురము కట్టగోరినవాడు ముందు కూర్చుండి లెక్క చూచుకొనవలెనని సువార్తలో నున్నది గదా. సగములో కూర్చుండి లెక్క చూచుకొనుట సహితము నేరము కాదనుకొందును.

మూడవది పాలిస్టరు చీరెలది. ఇది తేలలేదు, తేలదు కూడ. నేటి చీరెలలో నూలు కరవైనది. పాలిస్టరు చెమట పీల్చదు, సూది క్రింద జారును. నిప్పురవ్వ పడినయెడల నూలు కాలి నల్లబడును, ఇది కరిగి ఒంటికి అంటుకొనును. కుట్లన్ని విప్పి, ఆ చీరెలను మా సంఘపు రైతు ఒకరికి ఇచ్చెను. ఆయన అడవిపందులు రాకుండ మక్కచేను చుట్టు కట్టెను. యిర్మీయా ప్రవక్తను బురదగోతిలో నుండి లాగినప్పుడు కూషీయుడగు ఎబెద్మెలెకు రాజుగారి ఖజానా క్రింది గదిలోని చింకి పాతలను తెచ్చి, త్రాళ్ళు ఒరయకుండ చంకల క్రింద పెట్టుకొనుమనెను. ప్రవక్త ప్రాణముతో పైకి వచ్చుటలో ఆ చింకులకును పాలున్నది.

కూషీయుని ప్రస్తావన వచ్చినది గనుక ఒక మాట. కర్ణాటకలో, ఉత్తర కన్నడ జిల్లాలోని హళియాళ, యెల్లాపుర ప్రాంతములలో ఆఫ్రికా సంతతివారైన సిద్దీలున్నారు. వారి స్త్రీలు కుట్టు బొంతను కవంది యందురు. అందరివలె అంచునుండి మొదలుపెట్టి నడుమకు వత్తురు. చివరకు నాలుగు మూలలను గుడ్డ మడిచి చిన్న ముక్కలు కుట్టుదురు. వాటిని ఫూల యందురు. అవి లేని కవంది వారికి పూర్తియైనది కాదు. వారిలో క్రైస్తవులు కొందరు సిలువ గుర్తు కుట్టుట కూడ కలదు. ఈ సంగతి చదివి వినిపించగా నా భార్య, "వాళ్ళకు చివర ఏదో తెలుసు. మనకదే తెల్వది" అనెను.

నాల్గవ బొంతను గూర్చి వ్రాయుటకే ఈ కలము పట్టితిని.

మా సంఘములో ఒక విధవరాలుండెను. మార్కెట్టులో రాలిన గింజలు ఊడ్చి, చెరిగి, బ్రదికినది. ఒక్కడే కుమారుడు. ఇంటిలో మాట పెరిగి, అతడు భివండికి పోయి అక్కడ మరమగ్గముల యొద్ద పనికి చేరెను. మన జిల్లావారు అనేకులు పోయిన దారియే అది. 2017లో ఆమె ఐదు నూలు చీరెలు మూటగట్టి తెచ్చి, "అమ్మగారూ, నా కొడుకొస్తే కప్పుకుంటడు. ఓ బొంత కుట్టియ్యుండ్రి" అని అడిగెను. నా భార్య ఒప్పుకొని మూడు వరుసలు కుట్టెను. 2019లో ఆ తల్లి నిద్రించెను. కుమారుడు భూస్థాపనకు అందలేదు. మరునాడు వచ్చి, సమాధి చూచి, వెళ్ళిపోయెను. చనిపోయినవారి బట్టలు మన ఇండ్లలో ఉంచుకొనరు. ఉన్న నాలుగు గుడ్డలు బంధువులు అప్పటికే చాకలికి ఇచ్చివేసిరి. ఇక ఆమెవి లోకములో మిగిలినవి మా పెట్టెలోని ఐదు చీరెలే.

నాలుగేండ్లు నా భార్య ఆ మూట ముట్టలేదు. అడిగినవారు లేరు, ఎవరికొరకు కుట్టుట? అది ఆమె ప్రశ్న. నేను అపొస్తలుల కార్యములలోని తబితాను జ్ఞాపకము చేసితిని. యొప్పేలో విధవరాండ్రు ఏడ్చుచు పేతురునకు ఆమె కుట్టిన అంగీలను, వస్త్రములను చూపిరి. అక్కడ కుట్టిన స్త్రీ చనిపోయినది, కుట్టించుకొన్నవారు బ్రదికియున్నారు. ఇక్కడ తారుమారు. నా భార్య కొంతసేపు ఊరకుండి, "లేచినంక తబితా ఏం జేసిందో రాసి లేదు గని, మిగిలిన కుట్లే కుట్టి ఉంటది" అనెను. మరల తానే, "మాట ఆమెకిచ్చిన. ఆమె లేకుంటే మాట పోతదా?" అని మూట విప్పెను.

ఎనిమిది నెలలు పట్టెను. చీరెలలో ఒకటి ఎర్రనిది, మిరప యార్డులో పనిచేసి చేసి రంగు వెలిసినది. దానిని పైపొరగా వేసెను. పూర్తియైన తరువాత అతని మేనమామచేత కబురు పంపితిమి. చాలకాలము జవాబు లేదు. శ్రమదినములలో ఒక బుధవారము మధ్యాహ్నము అతడే వచ్చెను. లోపలికి రమ్మన్నను రాక అరుగుమీదనే కూర్చుండెను. బొంత ఒడిలో పెట్టగా మడత విప్పకుండ దానిమీద చెయ్యి పెట్టి, "ఇది మార్కెట్‌కు కట్టుకపోయే చీరె" అనెను. అంతే. నేను ప్రార్థన చేయుదుననగా తల వంచెను. టీ త్రాగి, బొంతను బండి వెనుక పురికొసతో కట్టుకొని వెళ్ళెను. ఆదివారమున రాలేదు. వచ్చునో రాడో నాకు తెలియదు. మేనమామ చెప్పినదేమనగా, ఆ రాత్రి అతడు బస్సులో బొంతను పైన సామానులో పెట్టనియ్యలేదట.

ఇక ఐదవది నాకే. పాతబడిన నా తెల్ల పంచెలు, జుబ్బాలు కలిపినది. తెల్ల గుడ్డమీద తెల్ల దారము కానరాదని నీలి దారముతో కుట్టుచున్నది. మూడు అంచులు అయినవి. నాల్గవ అంచున వరుస కొంచెము వంకర పోయినదని నిన్న సాయంకాలము జానెడు విప్పివేసినది.