ఉత్పలమాల లెక్క

మావాడి ఇంటర్ పుస్తకాలు పాతపేపర్లవాడికి వేసేద్దామని అటక మీంచి దించాను. వాటిలో నాలుగు లెక్కల పుస్తకాలూ ఇప్పుడు నా మంచం పక్కనే ఉన్నాయి.

ఏ డిగ్రీ అయినా చాలన్నారు కదా అని దూరవిద్యలో ఎం.ఎ. ఎకనామిక్స్‌కి ఫీజు కట్టాను. ఒక పేపరు నిండా లెక్కలేనని పుస్తకాలు వచ్చాక గానీ తెలియలేదు. మాత్రికలు, అవకలనం, సంభావ్యత! నేనేమో టెన్త్ తర్వాత లెక్కల మొహం చూడకుండా తెలుగు బి.ఎ. చేసినదాన్ని. "పోతే పోయింది ఫీజు, మానెయ్" అన్నారు మావారు. ఆయన అంత తేలిగ్గా అనేసరికి నాకు పంతం వచ్చింది.

తెల్లారి నాలుగున్నరకే లేచి యూట్యూబ్‌లో పాఠాలు వినేదాన్ని. వింటున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉండేది. ఫోన్ పక్కన పెట్టి సొంతంగా చేద్దామంటే చెయ్యి కదిలేది కాదు. ఓరోజు మావాడు నా నోట్సు తిరగేసి, "అమ్మా, అవకలనం సూత్రం సరిగ్గానే వేశావు. నీకు రానివి భిన్నాలు" అన్నాడు. చూసుకుంటే ఇరవై లెక్కల్లో పద్నాలుగు తప్పు. అన్నీ భిన్నాల దగ్గరో, ప్లస్సు మైనస్సుల దగ్గరో తప్పినవే. సిగ్గు విడిచి పక్కింటి పాప దగ్గర ఎనిమిదో తరగతి పుస్తకం అడిగి తెచ్చుకున్నాను. రెండు నెలలు అదే చేశాను. (పాప కోసమే అనుకుంది వాళ్లమ్మ. నేనూ కాదనలేదు.)

తర్వాత ఇంటర్ సెకండియర్ పుస్తకంలో 'ప్రస్తారాలు' అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఇది మా ఛందస్సు మాట కదా!

తెలుగు బి.ఎ. వాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఒక్కో అక్షరం గురువో లఘువో అవుతుంది. అందుకని రెండక్షరాలకి నాలుగు రకాలు, మూడింటికి ఎనిమిది. అవే య మ త ర జ భ న స గణాలు. ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు కాబట్టి రెండుని ఇరవైసార్లు వేసి గుణిస్తే 10,48,576. అన్ని రకాల్లో ఉత్పలమాల ఎన్నోది? అక్షరాల కింద వరసగా ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అని రెట్టింపు చేసుకుంటూ వెళ్లి, లఘువుల కిందవి మాత్రం కూడి, ఒకటి కలపాలి. కాగితం మీద వేశాను. 3,55,799. మావాడు ఫోన్‌లో సరిచూసి, "కరెక్టే. ఇది నీకెవరు చెప్పారు?" అన్నాడు.

పందొమ్మిదేళ్లప్పుడు పరీక్షలో రాశాను ఈ పద్ధతి. లెక్కలు రానిదాన్ని అని అందరికీ చెప్పుకుంటూనే రాశాను. ఇది లెక్కేనని అప్పుడు ఎవరూ అనలేదు, నాకూ తోచలేదు.

అంతమాత్రాన అవకలనం వచ్చేసిందని కాదు. జూన్‌లో ఆ పేపరు రాయకుండా డిసెంబరుకి పెట్టుకున్నాను. మావారికింకా చెప్పలేదు. ఈ వారం అవధులు చేస్తున్నాను, పాలవాడు వచ్చేలోపు రోజుకి ఆరు లెక్కలు. నిన్న నాలుగే అయ్యాయి.