విడువబడిన బండి

మోటారు పందెములను గూర్చి పాఠశాల వార్షిక పత్రికయందు వ్రాయుట కొందఱు పెద్దలకు వింతగా దోచవచ్చును. వేగమునెడల మాకు మోహము లేదు. కరణ్‌కోటనుండి తాండూరునకు బస్సులో బోవునప్పుడే మెల్లగా నడుపుమని డ్రైవరును వేడుకొనువారము మేము. అయినను గడచిన రెండు మూడు సంవత్సరములలో నొక పందెపు జట్టు కథ మా తరగతి గదిలోనికి వచ్చి, మేము బోధించినదానికంటె మాకే యెక్కువ బోధించినది. ఆ సంగతిని విద్యార్థులకును, వారి తలిదండ్రులకును, తోడి యుపాధ్యాయులకును విన్నవింపదలచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

2023వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుస్సేన్‌సాగరు తీరమున ఫార్ములా ఈ యను పందెము జరిగెను. ఈ పందెమున బరుగెత్తు బండ్లకు పెట్రోలు అక్కఱలేదు. బ్యాటరీలో నిలువచేసిన విద్యుచ్ఛక్తియే వానిని నడుపును. భారతదేశమున నా పోటీ జరుగుట అదియే మొదటిసారి. నెక్లెస్ రోడ్డు, లుంబినీ పార్కు, సచివాలయము మొదలగు తావుల నొఱసికొని పోవు రమారమి 2.8 కిలోమీటర్ల దారిని పందెమునకై సిద్ధపఱచిరి. ఫ్రాన్సు దేశస్థుడైన జాన్ ఎరిక్ వెర్న్ ఆనాడు మొదటివాడుగా వచ్చెను.

ఆ వారమంతయు మా తొమ్మిదవ తరగతి బాలురు మఱియొక మాట యెత్తలేదు. వారిలో నొకడు లెక్కల నోటుపుస్తకము వెనుక పుటలన్నిటను పందెపు బండ్ల బొమ్మలే వేసి యుండెను. మేము దానిని చూచి కోపించి, పుస్తకము లాగికొని, "లెక్క చేయుమన్న బండ్లు చేసితివా?" అని తరగతి యెదుట గద్దించితిమి. వాడు తల వంచుకొని, "సార్, ఇది మెక్‌లారెన్ వారి బండి. ఈ జట్టు క్రొత్తదియును, పాతదియును. మెర్సిడెస్ వారు విడిచిపోగా మిగిలినవారే దీనిని నడుపుచున్నారు" అనెను. తరగతి నవ్వెను. మేమును నవ్వితిమి. ఆ నవ్వు తలచుకొన్న నేటికిని మాకు సిగ్గు కలుగును.

ఎందుకనగా నా మఱుసటి వారమునుండి వాడు బడికి రాలేదు. రెండు దినములు చూచితిమి, మూడు దినములు చూచితిమి. మందలింపునకు నొచ్చుకొని యుండునని తలచితిమి. పదియవ దినమున వాని యింటి ప్రక్కనున్న బాలిక చెప్పగా నసలు సంగతి తెలిసినది. వాని తండ్రి పని చేయుచుండిన నాపరాళ్ల పాలిషింగు యూనిట్టును దాని యజమాని మూసివేసి యితర వ్యాపారమునకు బోయెనట. అందున్న పదునొకండుగురు పనివారు ఒక్కనాటిలో పనిలేనివారైరి. బాలుడు తండ్రికి తోడుగా తాండూరులో బండల లోడు ఎత్తుటకు బోవుచున్నాడు.

మా ప్రాంతమున నాపరాయి యనిన అన్నమే. ఇచ్చటి నేల క్రింద సున్నపురాయి పొరలు పొరలుగా పఱచుకొని యున్నది. పొరవెంబడి చీల్చిన బండ యగును. నున్నగా జేసిన దేశదేశముల యిండ్లలో నేల యగును. ఆ సున్నపురాయి యుండుటచేతనే కరణ్‌కోటలో సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియావారి కర్మాగారము వెలసినది. రాయిని నమ్ముకొన్న గృహములు మా బడిలో ననేకములు. కావున నొక యూనిట్టు తలుపు మూసిన మా హాజరుపట్టీలో నొక గడి ఖాళీ యగును. ఈ సంబంధమును మేము ఎఱుగక కాదు. ఎఱిగియు దలపక యుంటిమి.

ఆ ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట మేము వాని యింటికి బోయితిమి. ఊరక పోవుటకు మనసొప్పక, వాని కిష్టమైన విషయమేదైన చెప్పవలెనని తలచి, ముందు రాత్రి కూర్చుండి పందెపు జట్ల చరిత్రము కొంత చదివితిమి. అప్పుడు దొరకినది బ్రాన్ జీపీ యను జట్టు కథ.

2008వ సంవత్సరమున ప్రపంచమంతట ధనమాంద్యము వ్యాపించెను. జపాను దేశపు హోండా కంపెనీవారు ఆ యేడు డిసెంబరు 5వ తేదీన, తాము ఫార్ములా వన్ పందెములను విడిచివేయుచున్నామని ప్రకటించిరి. ఇంగ్లండులోని బ్రాక్లీ యను పట్టణమున వారి జట్టులో రమారమి 700 మంది పని చేయుచుండిరి. ఆ యేటి పందెములలో నా జట్టు గడించినది 14 పాయింట్లు మాత్రమే. అట్టిదానిని కొనువారెవరు? కాని వారు మఱుసటి యేటి బండికై చాల కాలము ముందుగనే పని మొదలు పెట్టియుండిరి. 2009లో నియమములు మాఱనుండుటచే, ఓడిపోవుచున్న పాత బండిపై శ్రమ మాని రాబోవు బండిపై దృష్టి నిలిపిరి. యజమాని వెడలిపోయెను, చేసిన పని మాత్రము అచ్చటనే యుండెను.

జట్టు నాయకుడైన రాస్ బ్రాన్, తన తోడివారితో గలసి, ఒక్క పౌను నామమాత్రపు వెలకు దానిని తీసికొనెను. హోండా ఇంజను పోయినది గదా! మెర్సిడెస్ వారి ఇంజను తెచ్చి, దానికి కొలతలు చాలనిచోట బండి చట్రమును మార్చి యమర్చిరి. వెలయిచ్చి ప్రకటనలు వేయించువారు లేనందున బండి తెల్లగా నుండెను. 2009 మార్చి 6న క్రొత్త జట్టు పేరు ప్రకటింపబడెను. అదే నెల 29న ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరమున జరిగిన తొలి పందెములో జెన్సన్ బటన్ మొదటివాడుగను, రూబెన్స్ బారికెల్లో రెండవవాడుగను వచ్చిరి.

ఈ గెలుపు వట్టి యదృష్టము గాదు. బండి యడుగున బోవు గాలి వెనుక భాగమున విశాలమగు మార్గముగుండ వెలువడునట్లు చేసినచో, అడుగున నొత్తిడి తగ్గి, పైనున్న గాలి బండిని నేలకు నొక్కిపెట్టును. అందుచే మలుపులయందు చక్రములు జాఱవు. బ్రాన్ వారు ఆ మార్గమును రెండంతస్తులుగా జేసిరి. టయోటా, విలియమ్స్ జట్లును అట్టి యుపాయమునే పన్నెను. తక్కినవారు ఫిర్యాదు చేసిరి గాని, అది నియమవిరుద్ధము కాదని యేప్రిలులో తీర్పు వచ్చెను. ఆ యేటి 17 పందెములలో బ్రాన్ జట్టు 8 గెలిచెను. అక్టోబరు 18న బ్రెజిల్ దేశమున బటన్ ప్రపంచ విజేత యయ్యెను. జట్టునకును ప్రథమస్థానము లభించెను. ఏడాది ముగియకమునుపే మెర్సిడెస్ వారు దానిని కొనిరి. బ్రాన్ జీపీ యన్న పేరుతో నా జట్టు జీవించినది ఒక్క సంవత్సరమే.

ఈ కథను మేము వాని యింటి యరుగుపై గూర్చుండి యుత్సాహముతో జెప్పితిమి. త్రోసివేయబడిన రాతిని గూర్చి ప్రభువు చెప్పిన మాటను గూడ జోడించి, చక్కని ప్రసంగము చేసితిమని లోలోన సంతోషించితిమి. బాలుడు ఆసాంతము విని, మెల్లగా నడిగెను: "సార్, ఆ 700 మందియు మిగిలిరా?"

మేము నిరుత్తరులమైతిమి. నిజమేమనగా మిగులలేదు. మెల్‌బోర్న్ గెలుపు జరిగిన దినములలోనే, క్రొత్త జట్టునకు ధనము చాలనందున, సుమారు 270 మందిని పనినుండి తొలగింపవలసి వచ్చినదని ప్రకటించిరి. ముందు రాత్రి మేము ఆ వాక్యమును చదివితిమి. చదివియు, కథకు మచ్చ యగునని విడిచిపెట్టితిమి. బాలుడు కథలో మేము దాచిన తావుననే వ్రేలు పెట్టెను. ఎందుకనగా వాని తండ్రి నిలిచియున్నది సరిగా నచ్చటనే.

"లేదు నాయనా, చాలమంది పోయిరి. మేము చెప్పవలసినది, చెప్పలేదు" అని యొప్పుకొంటిమి. ఒక యుపాధ్యాయుడు విద్యార్థి యెదుట నట్లు చెప్పుట సులభము కాదు. కాని యాపైన బాలుడు మాతో మాటలాడిన తీరు మాఱినది. బడిని విడిచిన కారణమును, అప్పును, చెల్లెలి చదువును గూర్చి దాచక చెప్పెను.

అంతలో తండ్రి లోపలినుండి వచ్చి, దండము పెట్టి, "సేటు పనిడిసిపెట్టిండు గని, పని మమ్ముల ఇడిసిపెట్టలే సారూ" అనెను. తానును నలుగురు తోడి పనివారును గలసి, మూతపడిన మఱియొకరి షెడ్డును అద్దెకు దీసికొని, పాత పాలిష్ యంత్రము నొకదానిని వాయిదాలపై కొన యత్నించుచున్నామని చెప్పెను. మిగిలిన యార్గురి మాట మేమడిగితిమి. ఇద్దఱు హైదరాబాదునకు బోయిరి. ఒకడు కందికోతల కూలికి. ముగ్గుఱ సంగతి తెలియదు. ఈ మాఱు మేము ఆ లెక్కను విడువలేదు.

అచ్చట మేము చేసిన సహాయము స్వల్పము. బాలుడు సాయంకాలములందు షెడ్డులో పని చేయవచ్చునని, పగలు మాత్రము బడికి రావలెనని తండ్రితో నొడంబడిక చేసికొంటిమి. తప్పిన పాఠములను మేమును మఱియొక యుపాధ్యాయినియు శనివారములందు చెప్పితిమి. తీసికొన్న నోటుపుస్తకమును తిరిగి యిచ్చితిమి. ఏ లెక్కకై గద్దించితిమో ఆ లెక్కనే వాని బండి బొమ్మతో నేర్పితిమి: 2.8 కిలోమీటర్ల చుట్టును నిమిషమున్నరలోపల ముగించు బండి గంటకెంత వేగమున బోవుచున్నది? గంటకు 112 కిలోమీటర్లకు మించునని వాడే మొదట చెప్పెను.

2024వ సంవత్సరమున హైదరాబాదులో జరుగవలసిన రెండవ పందెము రద్దయ్యెను. ఒప్పందము నిలువనందున నది జరుగదని జనవరిలో ప్రకటించిరి. బాలురు చిన్నబోయిరి. ఆ మార్చిలో మా విద్యార్థి పదవ తరగతి పరీక్షలకు గూర్చుండ సిద్ధమగు దినములందే, బ్రెజిల్ దేశపు సావో పాలో నగరమున మెక్‌లారెన్ ఫార్ములా ఈ జట్టునకు శామ్ బర్డ్ మొదటి గెలుపు సంపాదించెను. మెర్సిడెస్ వారు 2021, 2022 సంవత్సరములలో వరుసగా గెలిచి, తమ ధనమును ఫార్ములా వన్ వైపు మరలింప నిశ్చయించి విడిచిన జట్టది. మెక్‌లారెన్ వారు దానిని తీసికొని, నిస్సాన్ వారి యంత్రముతో నడుపుచుండిరి. వాడు పరీక్షకు బోవుచు మా యింటి ముందాగి, "సార్, మన బండి గెలిచినది" అని చెప్పి పోయెను. వాడును ఉత్తీర్ణుడయ్యెను.

కథ నిచ్చట ముగించిన నెంత బాగుండును! కాని యొకమాఱు విడిచిపెట్టి నేర్చుకొంటిమి గాన మిగిలినదియు జెప్పవలెను. 2025వ సంవత్సరమున మెక్‌లారెన్ వారును ఆ జట్టును విడిచిరి. కొనువారు దొరకలేదు. రెండవమాఱు విడువబడిన బండి లేచి నిలువలేదు. ఇప్పుడు డిప్లొమా చదువుచున్న మా విద్యార్థియే వచ్చి మాకీ వార్త చెప్పెను. "బ్రాన్ వారు నిలిచిరి, వీరు నిలువలేదు. భేదమేమి సార్?" అని యడిగెను.

మాకు తోచినంత చెప్పితిమి. బ్రాన్ జట్టునకు సిద్ధమైన మంచి బండి యుండెను, దానిని నమ్మిన నాయకుడుండెను, ఇంజను ఇచ్చువారు దొరకిరి. మూడును గూడినవి. పనితనము చేతనున్నంత మాత్రమున గెలుపు వచ్చునని మేము చెప్పజాలము; పనితనము లేనిదే పిలుపు వచ్చినను లేవలేమని మాత్రము చెప్పగలము. తన తండ్రి షెడ్డులో నైదుగురికి నిప్పుడు నలుగురున్నారని, యంత్రపు వాయిదాలు ఇంక నేడున్నవని వాడు చెప్పెను. వాడు ఆ రెండు సంఖ్యలను ఒక్క కంఠస్వరముతోనే చెప్పుట మేము గమనించితిమి.

అప్పటినుండి మాకొక యలవాటైనది. ఏ విద్యార్థి యైనను మూడు దినములు రానిచో, హాజరుపట్టీలో గీత గీయకముందే వాని యింటికి బోవుదుము. ఒకప్పుడు జ్వరమే యుండును, ఒకప్పుడు పెండ్లియే యుండును, నవ్వుకొని తిరిగివత్తుము. ఒకప్పుడు మాత్రము తలుపు మూసికొన్న షెడ్డొకటి యుండును. తలిదండ్రులారా, మీ పని నిలిచినప్పుడు బిడ్డను బడి మాన్పింపకముందు మాకొక మాట చెప్పుడు. ప్రియ విద్యార్థులారా, మీ ప్రక్క బల్లపై చోటు ఖాళీ యైనప్పుడు మాకు వెంటనే తెలుపుడు. ఆనాడు పదియవ దినమున మాకు చెప్పిన బాలిక రెండవ దినముననే చెప్పియుండెడిది; మేము అడిగి యుండినచో.