కల్లం కింద నేల

జక్రాన్‌పల్లి దగ్గరి మా తండాలో మొదటిసారి సిమెంటు కల్లం పోసుకున్నప్పుడు మేము పైన నునుపే చూసుకున్నాం. కింద ఉన్నది నల్లరేగడి అని తెలుసు. అయినా గడ్డి చెక్కి, కంకర పరిచి, నాలుగు అంగుళాల మందం పోసేశాం. రెండు వానాకాలాలు తిరిగేసరికి వేలు పట్టేంత పగుళ్లు. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగి నెర్రెలిస్తుంది. మీదున్న గచ్చు విరగక ఏం చేస్తుంది? ఉడకబెట్టిన పసుపు ఆరబోస్తే కొమ్ములు పగుళ్లలో ఇరుక్కున్నాయి. అకాల వానకు నీళ్లు నిలిచి సగం రంగు చెడింది. నిజామాబాద్ యార్డులో ధర తగ్గింది; అప్పు మాత్రం తగ్గలేదు.

"అలుకు వాకిలికైనా దిమ్మిస కొట్టనిదే పేడ పెట్టం గదా బిడ్డా" అన్నది మా యాడి. పోసేముందు ఆమెను అడగలేదు. చదువుకున్నోళ్లం మరి.

రెండోసారి రేగడిని అడుగున్నర లోతు తీసేశాం. మొరం ఒక్కసారే గుమ్మరించలేదు. ఆరంగుళాలకొక పొర వేసి, నీళ్లు చల్లి, మడమ దిగనంత గట్టిపడేదాకా దిమ్మిస కొట్టాం. చుట్టుపక్కల నేలకన్నా జానెడు ఎత్తు లేపి, ఒక మూలకు వాటం పెట్టాం. పది అడుగులకొక జాయింటు విడిచాం. పోశాక వారం రోజులు తడి గోనెలు కప్పి ఉంచాం. పోసింది ఒక్కరోజే, మట్టిపనికి తొమ్మిది రోజులు పట్టింది. మేస్త్రీ విసుక్కున్నాడు. ఈ యేడు పసుపు దానిమీదే ఆరుతోంది.