ఇంటర్వ్యూ రోజు కెమెరా కనపడలేదు

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. ఆన్‌లైన్ ఇంటర్వ్యూలు ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు మాత్రం వదలకండి.

మేం నలుగురం రంపచోడవరం, మారేడుమిల్లి వైపు వాళ్లం. ఇప్పుడు రాయవరంలో గది తీసుకుని ఉంటున్నాం, పొద్దున్నే ఒక కంప్యూటర్ సెంటర్‌కి పోతున్నాం. అక్కడ సీపీయూలు ఉండవు. ఒక్కో మానిటర్ వెనకాల టిఫిన్ డబ్బా అంత పెట్టె ఉంటుంది, అదే థిన్ క్లయింట్. అసలు పని చేసేది లోపలి గదిలో ఉన్న సర్వర్. ఇలాంటివి మనకి మరీ కొత్తేం కాదు. 2008 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో 5,000 సర్కారు బడులకి ఎన్‌కంప్యూటింగ్ పెట్టెలు ఇచ్చారు, ఒక కంప్యూటర్‌ని పలువురు పంచుకునేలా. మా అన్నలు కొందరు మౌస్ పట్టింది వాటి మీదే. అప్పట్లో కెమెరా ఊసు లేదు కాబట్టి గొడవా లేదు.

మాలో చిన్నోడికి అప్రెంటిస్ పోస్టుకి వీడియో ఇంటర్వ్యూ వచ్చింది. ఫోన్‌లో కుదరదు, కంప్యూటర్ మీదే రావాలన్నారు. కెమెరా, బ్లూటూత్ హెడ్‌సెట్ అరువు తెచ్చాం. 11 గంటలకి ఇంటర్వ్యూ అయితే పదిన్నరకి కెమెరా గుచ్చాం. బ్రౌజర్‌లో ‘కెమెరా లేదు’ అని వచ్చింది. తీసి పెట్టాం, అదే మాట. ఆపరేటర్ గారు వచ్చి, "ఏం నొక్కేశారయ్యా? ఏజెన్సీ పిల్లలకి ఇలాంటివి ఇస్తే ఇంతే" అన్నారు. అప్పటిదాకా ఏమీ నొక్కలేదు. ఆ మాట విన్నాక నొక్కాం! సెట్టింగుల్లో యూఎస్‌బీ జాబితా కనపడితే అందులో ఉన్నవన్నీ సర్వర్‌కి పంపించేశాం. మౌస్, కీబోర్డు రెండూ చచ్చాయి. తేరుకునేసరికి 11.20. లింకు మూసేశారు. చిన్నోడు ఒక్క మాట అనలేదు. కెమెరా వైరు చుట్టి జేబులో పెట్టుకుని కాలవ గట్టు మీదికి పోయి కూర్చున్నాడు.

తర్వాత వారం రోజులు, సాయంత్రం సెంటర్ ఖాళీ అయ్యాక అక్కడి మేడం గారు మమ్మల్ని కూర్చోనిచ్చారు. తిప్పలు పడితే తెలిసింది ఒక్కటే: కెమెరా మన బల్ల మీద ఉంది, బ్రౌజర్ మాత్రం లోపలి గదిలో సర్వర్ మీద నడుస్తోంది. ఆ బ్రౌజర్‌కి మన బల్ల కనపడదు. కెమెరాని అక్కడికి పంపమని మనమే చెప్పాలి.

వైర్‌లెస్ మౌస్‌కి ఆ బాధ లేదు. దాని డాంగిల్‌ని పెట్టే చూసుకుంటుంది, కదలికలు మాత్రం సర్వర్‌కి పంపుతుంది. డాంగిల్‌నే పంపేస్తే పెట్టె చేతిలో ఏమీ మిగలదు. మేం చేసింది అదే.

కెమెరాని కూడా ఉత్త యూఎస్‌బీ వస్తువులా పంపకూడదు. లెక్క వేశాం: 640×480 బొమ్మ, చుక్కకి 2 బైట్లు, సెకనుకి 30 బొమ్మలు. కుదించకుండా పంపితే సెకనుకి దాదాపు 147 మెగాబిట్లు. మా ల్యాబ్ స్విచ్ 100 మెగాబిట్లది. ఎలా పడుతుంది? అందుకే వీడియోని కుదించి పంపే దారి వేరే ఉంది. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌లో అయితే కనెక్ట్ అవ్వకముందే లోకల్ రిసోర్సెస్‌లో వీడియో క్యాప్చర్ డివైసెస్ దగ్గర టిక్ పెట్టాలి. మైక్‌కి వేరే, ఆడియో సెట్టింగుల్లో రికార్డింగ్ కూడా ఆన్ చెయ్యాలి. మేం మొదట అది మర్చిపోయి మూగ సినిమా చూశాం. సర్వర్ వైపు అనుమతి మూసి ఉంటే మాత్రం మనం ఎన్ని టిక్కులు పెట్టినా రాదు, అడ్మిన్‌ని అడగాల్సిందే. మాకు మేడం గారు తెరిపించారు.

బ్లూటూత్ హెడ్‌సెట్‌ని సర్వర్‌లో వెతక్కండి, పెట్టెతోనే జత చెయ్యాలి. మౌస్ ఆగి ఆగి కదులుతుంటే డాంగిల్‌ని నీలం యూఎస్‌బీ 3 పోర్టు పక్కనుంచి తీసి చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో దూరంగా పెట్టండి. ఆ పోర్టు రొద డాంగిల్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ మీదే పడుతుంది. ఇంకోటి, డాంగిళ్లు కలిసిపోతే ఒకళ్లు కొట్టింది ఇంకొకళ్ల తెర మీద పడుతుంది. మా దగ్గర ఒకమ్మాయి రెజ్యూమేలో మావోడి సినిమా పాట వెతుకులాట టైపైంది. అప్పట్నుంచి డాంగిల్‌కీ కీబోర్డుకీ ఒకే రంగు గోళ్ల రంగు చుక్క పెడుతున్నాం.

మొన్న చిన్నోడికి ఇంకో చోట ఇంటర్వ్యూ వచ్చింది. ముందురోజు సాయంత్రమే అదే బల్ల దగ్గర అంతా పెట్టి, సెషన్ పూర్తిగా లాగాఫ్ చేసి మళ్లీ లాగిన్ అయ్యి చూశాం. 25 నిమిషాలు మాట్లాడాడు, ఒక్కసారీ తెగలేదు. ఫలితం ఇంకా రాలేదు. నిన్న ఆపరేటర్ గారు మా గదికి కబురు పంపారు, ఎవరిదో కెమెరా రావట్లేదంట, ఒకసారి వచ్చి చూడమని. చిన్నోడే వెళ్లాడు.