దండెం మీద బట్టలు

మా అమ్మ ఏనాడూ రేడియోలో వాతావరణ వార్తలు వినలేదు. తెల్లారగానే పెరట్లోకి వచ్చి, నాన్న పనిచేసే థర్మల్ పవర్ స్టేషన్ చిమ్నీ వంక చూసేది. పొగ కిన్నెరసాని వాగు వైపు వాలితే బట్టలు దండెం మీద ఆరేవి, మా క్వార్టర్ల వైపు వాలితే వంటింట్లో కట్టిన తాడు మీద. ఎండాకాలం వడియాలు పెట్టాలన్నా, కొత్తావకాయ ముక్కలు ఆరబెట్టాలన్నా ఇదే ముహూర్తం.

1980లలో పాల్వంచ. రోడ్డు పక్కనే ఎనిమిది కూలింగ్ టవర్లు, నడుము సన్నగా, పెద్దపెద్ద డమరుకాలు నిలబెట్టినట్టు. మబ్బులు తయారయ్యేది అక్కడేనని నేను రెండో తరగతి దాకా నమ్మాను. చుట్టాలొస్తే బస్సు దిగుతూనే "అమ్మో, ఎంత పొగో!" అని వాటినే చూపించేవాళ్ళు. నాన్నకి ఒళ్ళు మండేది. "అది ఆవిరండీ బాబూ, ఉత్త నీళ్ళు. పొగ వచ్చేది అదిగో, ఆ సన్న గొట్టంలోంచి" అనేవాడు. ఆ సన్న గొట్టం జోలికి మాత్రం మాట పోనిచ్చేవాడు కాదు.

బొగ్గు నల్లన గదా, బూడిదా నల్లగానే ఉంటుందనుకుంటారు చూడనివాళ్ళు. నలుపు కాదు, ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తన అది. కిటికీ చువ్వల మీద, తులసికోట మీద, సైకిల్ సీటు మీద ఎప్పుడు పడిందో తెలియదు, వేలితో గీస్తే గీత కనిపించేది. నా మొదటి అక్షరాలు పలక మీద దిద్దానని అమ్మ చెప్పుకుంటుంది గానీ, అంతకుముందే నాన్న సైకిల్ సీటు మీద దిద్దాను. చిమ్నీకి ముందు కరెంటు పెట్టిన ఇనప రేకుల మధ్య నుంచి పొగని పంపుతారని, బూడిదలో చాలావరకు ఆ రేకులకే అంటుకుపోతుందని నాన్న చెప్పేవాడు. ఆ తప్పించుకున్న కాస్తా మా అమ్మ దుప్పట్ల మీదికి వచ్చేది.

ఒకసారి నేను రాత్రంతా వరండాలో బల్బు ఆర్పకుండా పడుకున్నాను. మర్నాడు నైట్ షిఫ్టు నుంచి వచ్చిన నాన్న, టిఫిన్ క్యారియర్‌తో పాటు కాగితంలో చుట్టిన బొగ్గు పెళ్ళ ఒకటి తెచ్చాడు. కిరాణా కొట్టుకి తీసుకెళ్ళి చింతపండు తూచే తక్కెడలో పెట్టించాడు. ముక్కలు విరిచి, తీసి, వేసి, 700 గ్రాములకి సరిచేశాడు. ఇంటికొచ్చి నా కంచం పక్కన పెట్టాడు.

"ఇదిగోరా, నువ్వు రాత్రి కాల్చింది."

వంద వాట్ల బల్బు పది గంటలు వెలిగితే ఒక యూనిట్టు. యూనిట్టుకి ఇంచుమించు అంత బొగ్గు. మన బొగ్గులో మూడో వంతుకి పైగా బూడిదేనని కూడా చెప్పాడు. అంటే ఒక్క రాత్రి వరండా వెలుగుకి పెద్ద గ్లాసుడు బూడిద. "మరి అదంతా ఎక్కడికి పోతుంది నాన్నా?" అన్నాను. నీళ్ళలో కలిపి గొట్టాల్లో చెరువుకి తోలతారని ఆయన చెబుతుండగానే, అమ్మ మా ఇద్దరి మధ్యా నిలబడి దిండుగలీబు ఒకటి ఫట్‌మని దులిపింది.

కాలనీలో కరెంటు పోయేది కాదు. అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఉండేది కాదు. అక్కడి పొలాల మీదుగానే పెద్ద టవర్ల లైను పోయేది, చినుకు పడితే జుయ్యిమని మోగేది. దాని కింద అమ్మమ్మ లాంతరు చిమ్నీ ముగ్గుతో తుడుచుకుంటూ, "మీ నాన్న వండే కరెంటంతా పట్నపోళ్ళే తింటారేంరా?" అని అడిగేది. నాకు జవాబు తెలిసేది కాదు. ఆ ప్రశ్నలో వేళాకోళం ఎంతో, నిజం ఎంతో ఇప్పటికీ తూచలేను.

మామయ్యది మోతుగూడెం. భద్రాచలం దాటి, చింతూరు దాటి, అడవిలో గంటలకొద్దీ బస్సు. దిగువ సీలేరు పవర్‌హౌసులో 115 మెగావాట్ల యూనిట్లు నాలుగు. కొండ మీంచి గొట్టాల్లో దూకే నీళ్ళు, కింద తళతళలాడే గచ్చు, గోడకి మరక లేదు. అమ్మ అక్కడ దండెం చూసి కుళ్ళుకుంది. తెల్లచీర సాయంత్రానికీ తెల్లచీరే! అత్తయ్య నవ్వి దోమతెర చూపించింది. ఇంట్లో నలుగురికీ మలేరియా వచ్చి పోయిందట. ఆనకట్టల కోసం అడవీ పొలాలూ నీళ్ళ కింద వదిలేసి లేచిపోయిన కుటుంబాల సంగతి ఆ ప్రయాణంలో ఎవరూ ఎత్తలేదు. చాలా ఏళ్ళ తర్వాత నేనే చదువుకున్నాను.

"మీ మామయ్యది స్విచ్చురా, మాది పొయ్యి" అనేవాడు నాన్న. నీటి యూనిట్టు నిమిషాల్లో తిరుగుతుంది. చల్లారిన బాయిలర్‌ని మళ్ళీ లేపాలంటే గంటలు పడుతుంది, దాని పంపులకీ ఫ్యాన్లకీ ముందు బయటి నుంచి కరెంటు రావాలి. ఈ మాట ఒప్పుకోవడం ఆయనకి కాస్త చిన్నతనంగా ఉండేది.

1986 వేసవి సెలవుల్లో పేపర్లో చెర్నోబిల్ అణుప్రమాదం వచ్చింది. ఆ రోజుల్లోనే మాకు దగ్గర్లో, గోదావరి పక్కన అశ్వాపురంలో భారజల కర్మాగారం వస్తోందని చెప్పుకునేవాళ్ళు. కాలనీ పంపు దగ్గర ఇక కథలే కథలు. ఆ నీళ్ళు తాగితే గేదె రాయైపోతుందని ఒకావిడ. అవి బాంబు నీళ్ళని ఇంకొకావిడ. "నీళ్ళేనమ్మా, నూటికి పదకొండు పాళ్ళు బరువెక్కువ, అంతే. రియాక్టర్లో న్యూట్రాన్ల జోరు తగ్గించడానికి" అని నాన్న చెబితే ఎవరూ వినలేదు. నిజంగా భయపడాల్సింది అక్కడ వాడే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుకని ఆయన అన్నది అంతకన్నా వినలేదు. 1991లో ఆ కర్మాగారం మొదలయ్యాక తెలిసింది, దాన్ని నడిపే ఆవిరికీ కరెంటుకీ అక్కడా బొగ్గే కాలుస్తారని. నాన్న ఆ రోజు పండగ చేసుకున్నాడు.

మన రియాక్టర్లలో వేసే యురేనియం బిళ్ళ చిటికెన వేలి చివరంత ఉంటుంది. చాలావరకు హైదరాబాద్‌లోనే చేస్తారు. ఒక్కోటి ఇంచుమించు అర టన్ను బొగ్గు పని చేస్తుంది. నా కంచం పక్కన ఆవగింజంత పెట్టినా సరిపోయేదేమో. బొగ్గులోనూ రవ్వంత యురేనియం, థోరియం ఉంటాయి, కాలాక బూడిదలో మిగులుతాయి. యూనిట్టుకింత అని లెక్క కడితే బొగ్గు పొగకి పోయే ప్రాణాలు అణువిద్యుత్తుకి పోయినవాటి కంటే ఎన్నో రెట్లు. అశ్వాపురం పేరు చెబితే వణికిన మేము, దుప్పటి దులుపుకుని హాయిగా నిద్రపోయాం. నన్నడిగితే మా భయం తప్పు బస్సెక్కింది.

ఇదంతా ఈ మధ్య అమ్మకి చెప్పి, చెర్నోబిల్ పక్కనున్న ప్రిప్యాత్ ఊరి సంగతీ చెప్పాను. మూడు రోజుల్లో తిరిగొస్తారని చెప్పి దాదాపు 50,000 మందిని బస్సులెక్కించారని, వాళ్ళు మళ్ళీ వెళ్ళలేదని. లెక్కలన్నీ ఊకొడుతూ విన్న అమ్మ అక్కడ ఆగింది. "అయితే దండేల మీద బట్టలు అట్లాగే ఉండిపోయుంటాయి గదరా" అంది. వాడేసిన ఇంధనాన్ని వేల ఏళ్ళు కాపలా కాయాలన్న మాట ఇక నేను ఎత్తలేదు.

నాన్న పోయాడు. 2018లో పాల్వంచలో ఒక్కటే 800 మెగావాట్ల యూనిట్టు వచ్చింది, ఆయన కాలం నాటి ఎనిమిది యూనిట్లూ కలిపినా 720. పాతవి ఆపేశారు. పక్కింటివాళ్ళు మేడ మీద సోలార్ పలకలు పెట్టించుకున్నారు. వాళ్ళబ్బాయి పొద్దున్నే తడిగుడ్డతో వాటిని తుడుస్తుంటే, చుట్టూ నాలుగు పక్కల నుంచీ తుడవాలని అమ్మ కింద నుంచి చెబుతుంది.

2024 ఆగస్టులో ఆ ఎనిమిది టవర్లనూ పేలుడు పదార్థాలు పెట్టి కూల్చేశారు. నేను ఫోన్లో చూశాను. నడుము దగ్గర మెలిక పడి, కూర్చున్నట్టు కూలిపోయాయి, కొన్ని సెకన్ల పని. దుమ్ము లేచింది. గొంతులో ఏదో అడ్డం పడింది. అమ్మకి ఫోన్ చేసి ఏమనాలో తెలియక, చూశావా అన్నాను.

"చూడకేం. నిన్న సాయంత్రమే బట్టలన్నీ లోపల వేసేశా" అంది.