పని ఫోనులో ఏముండాలి?

ఆఫీసు పనికిచ్చే ఫోనులో కెమెరా, పాటలు, ఆటలు ఉండకూడదనే మాట పాతదే. బ్లాక్‌బెర్రీకి 2006లో పెర్ల్ వచ్చేదాకా కెమెరాయే లేదు. 2007లో వచ్చిన 8800లోనూ పెట్టలేదు. కంపెనీ గుట్టు ఫొటోలుగా బయటికి పోతుందని భయం.

మా సారపాక పేపరు మిల్లు ఊరు. అయినా పని ఫోను అంటే నాకు గుర్తొచ్చేది పక్కింటి అంగన్‌వాడీ టీచర్ చేతిలోదే. 2018లో పోషణ్ అభియాన్, 2021 మార్చిలో పోషణ్ ట్రాకర్ వచ్చాయి. పిల్లల బరువు, ఎత్తు, హాజరు అన్నీ అందులోకే. ఇక్కడ కెమెరా తీసెయ్యమని ఎవరూ అనరు. ఫొటో పెడితేనే పని చేసినట్టు. 2025 జూలై నుంచి ఇంటికిచ్చే పోషకాహారానికి ముఖం గుర్తింపు కూడా తప్పనిసరి చేశారు. అదే కెమెరాతో తన కూతుర్ని ఫొటో తీసుకుంటే మాత్రం, "పని ఫోను సొంతానికా?" అనేవాళ్లుంటారు.

తల్లీబిడ్డల వివరాలు కాపాడాల్సిందే, కాదనను. దానికి ఆ యాప్‌కి తాళం వేస్తే చాలదా?

2021 ఆగస్టులో మహారాష్ట్ర అంగన్‌వాడీ కార్యకర్తలు ఇచ్చిన ఫోన్లు తిరిగిచ్చేశారు. నాసిరకమని, యాప్‌లో మరాఠీ లేదని. పాటలూ ఆటలూ సరే, పనికి కావలసినవే లేవన్నమాట!

2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో, తాము వాడుకునే ఫోను ఉందన్న ఆడవాళ్లు దేశంలో 54 శాతమే. ఇంట్లో మొగుడికొకటి, కొడుక్కొకటి ఉంటాయి. ఆమె చేతిలో నిలిచేది పని ఫోనే. హాస్టల్లో ఉన్న కూతుర్ని వీడియోలో చూసుకోవడానికి వినోదమని పేరెవరు పెట్టారో!

మొన్న సెంటర్ మూసి మా అరుగు మీద కూర్చుని కూతురికి ఫోన్ చేసింది. రెండు మాటలకే బ్యాటరీ అయిపోయింది. పొద్దుటినుంచి ఫొటోలెక్కించడానికే సరిపోయిందట.